పిక్చర్ ట్యూబుకు పెట్టిన బొట్టు

మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. మా అక్క చేయి తగిలి హోసూరులో మా ఇంటి టీవీ పేలిపోయిందని. అది పేలలేదు. పేలిందన్న ముక్కను ఎవరు కలిపారో నాకు తెలియదు. మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇదే సంగతి ఇంకో రకంగా తిరిగింది. మా అక్క భక్తి ఎక్కువై టీవీ లోపలంతా గంధం పూసిందని, స్విచ్ వేయగానే షార్టు అయిందని. ఆ రెండో కథ నాదే. చాలాసార్లు చెప్పాను, నవ్వించాను కూడా. రెండూ నిజం కావు. ఆ పిక్చర్ ట్యూబును పగలగొట్టింది నేను. అక్క దాని మీద వేలు పెట్టేసరికే అది చచ్చి ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలుసు.

నేను ఐటీఐ ముగించి తొంభైల మొదట్లో రాయకోట పక్క పల్లె నుంచి హోసూరుకు వచ్చాను. మాది గొర్రెలు, రాగి చేను ఉన్న ఇల్లు. ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో పని దొరికింది. వరస ఇళ్లలో ఒక గది తీసుకున్నాను. పగలంతా యంత్రాల మోత, తర్వాత గదిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు అలవాటు కాలేదు. పల్లెలో రాత్రిపూట కూడా గొర్రెలు కదులుతూ, దగ్గుతూ ఉంటాయి.

బస్టాండు వెనక వీధిలో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. ప్లైవుడ్‌తో చేసిన నిలువెత్తు పెట్టెలు, వాటి కడుపులో టీవీ ట్యూబులు, ముందు చేత్తో తిప్పి ఆడే రెండు కడ్డీలు, అరిగిపోయిన రంగుల బటన్లు. షిఫ్టు దిగి నేను నేరుగా అక్కడికి పోయేవాణ్ణి. ఆటలో నేనేమంత గట్టివాణ్ణి కాదు. నాకు కావలసింది రెండో కడ్డీ పట్టుకునే మనిషి. అతను తమిళం మాట్లాడతాడో కన్నడం మాట్లాడతాడో ఆట మొదలయ్యే దాకా తెలియదు. భుజం భుజం రాసుకుంటూ కాసేపు ఒకే శత్రువును కొట్టేవాళ్లం. ఓడిపోతే ఇద్దరం ఒకేసారి "అయ్యో" అనేవాళ్లం. తర్వాత అతను పోయేవాడు. మళ్లీ కనిపిస్తే తల ఊపేవాడు. హోసూరులో మొదటి రెండు మూడేళ్లు నాకున్న స్నేహమంతా అదే.

తర్వాత అక్క వచ్చింది. బావ జబ్బుతో పోయాడు. అత్తవారింట్లో పొయ్యి దగ్గర తప్ప ఇంకెక్కడా ఆమెకు చోటు లేకపోయింది. నేనే పోయి పిలుచుకొచ్చాను. ఆమె వచ్చాక ఇంకాస్త పెద్ద ఇల్లు తీసుకున్నాం, అదే వరసలో. అక్క బాగలూరు దారిలో ఒక గులాబీ తోటలో పనికి కుదిరింది. ప్లాస్టిక్ పందిళ్ల కింద పూలు కోసి, కాడల పొడవు చూసి కట్టలు కట్టే పని. తెల్లవారగానే తోట వ్యాను వచ్చేది. కాడ వంకరగా ఉన్న పూలను కంపెనీ తీసుకోదు. వాటిని అక్క కొంగులో కట్టుకొచ్చి వరసలోని ఆడవాళ్లందరికీ పంచేది. తాను మాత్రం ఒక్కటీ పెట్టుకునేది కాదు.

టీవీ ఆమె జీతంతో కొన్నది. తొంభైల చివర్లో, పెద్ద కలర్ టీవీ. అంతకుముందు తనదంటూ ఆమెకు ఒక వస్తువు ఉన్నట్టు నాకు గుర్తు లేదు. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని, దాని ముందు గోడకు ఆనుకొని కూర్చొని సీరియల్ చూసేది. అన్నం కూడా అక్కడే. సీరియల్‌లో మనుషులకు గట్టిగా సలహాలు ఇచ్చేది. "పోవద్దమ్మా ఆ ఇంటికి, చెప్తా ఉండాను కదా" అని అరిచేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా హోసూరులో ఆయుధ పూజ అంటే చిన్న పండుగ కాదు. ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ల నుంచి గేటు దగ్గరి సైకిళ్ల దాకా అన్నిటికీ విభూతి, గంధం, కుంకుమ పెడతారు. ఇంట్లో కూడా అంతే. గ్రైండరుకు, గ్యాస్ పొయ్యికి, ఇస్త్రీ పెట్టెకు, టీవీకి బొట్టు పెట్టాలి. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు కడిగి దేవుని ముందు పరిచి పెడితే, మరుసటి రోజు దాకా వాటిని ముట్టకూడదు. మా ఇంట్లో గంధం అరగదీసేది అక్క. బొట్టు పెట్టేది మాత్రం పక్కింటావిడ. భర్త పోయిన ఆడది బొట్టు పెట్టకూడదని మా వాళ్ల లెక్క. ఎవరూ అక్కకు అలా చెప్పలేదు, చెప్పే పని లేకుండా ఆమే తప్పుకొనేది. గంధం గిన్నె పక్కింటావిడ చేతికిచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. తన టీవీకి కూడా అంతే.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక ఆ వీడియో గేమ్ షాపు మూతపడింది. పిల్లలందరూ ఇంటర్నెట్ సెంటర్లకు మళ్లారు. షాపు యజమాని పెట్టెల్లోని ట్యూబులు ఊడదీసి విడిగా అమ్ముకున్నాడు. ఒక ఖాళీ పెట్టె మిగిలింది. లోపల గేమ్ బోర్డు బాగానే ఉంది, కడ్డీలూ ఉన్నాయి. కట్టెల కింద పోతుందని విని నేను తెచ్చుకున్నాను. ఆటోలో ఎక్కించి తెస్తుంటే వీధంతా చూసింది.

అక్క వాకిట్లోనే ఆపింది. "ఏందప్పా ఇది? బీరువానా, శవప్పెట్టెనా?"

"గేమ్ ఆడే పెట్టె అక్కా."

"పెండ్లి చేసుకోరా అంటే పెట్టె చేసుకొచ్చినావా! దీనికి కాపురం యాడ పెడ్తావు?"

"నీ టీవీ పక్కన."

పక్కన కాదు, నాకు కావలసింది ఆ టీవీయే. కొన్ని రోజులు ఆగి మెల్లగా అడిగాను. కొత్త ట్యూబు కొనలేక కాదు. ఆ పెట్టె వచ్చాక నా మనసు ఆగలేదు, అంతే. టీవీ బయటి ప్లాస్టిక్ డొక్కు తీసేసి, లోపలి ట్యూబును, సర్క్యూటును పెట్టెలో బిగిస్తానని, ఒక స్విచ్ అటు తిప్పితే గేమ్, ఇటు తిప్పితే సీరియల్ వస్తుందని చెప్పాను.

"చెడిపోతే?"

"టూల్ రూమ్‌లో పని చేసేవాణ్ణక్కా. వెంట్రుక మందంలో తేడా వస్తే పట్టేస్తాము. ఇది చెడిపోతుందా?"

"నీ వెంట్రుక సంగతి నాకు తెల్దు. పొద్దుగూకినంక నాకు బొమ్మ రావల్ల. అంతే."

అలా ఒప్పుకుంది. బస్టాండు దగ్గర టీవీ మెకానిక్ ఒకతను గేమ్ బోర్డు తీగలను టీవీ సర్క్యూటుకు కలిపిచ్చాడు. డొక్కులో ఉండగానే పెట్టి చూశాం, బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. అతను రెండు జాగ్రత్తలు చెప్పాడు. ట్యూబు వీపు మీద రబ్బరు టోపీ కింద కరెంటు దాక్కొని ఉంటుంది, ఎర్తు తీగ కట్టిన స్క్రూడ్రైవరుతో దాన్ని దించకుండా చేయి పెట్టొద్దన్నాడు. రెండోది, ట్యూబు వెనక సన్నని గాజు మెడ ఉంటుంది, దానికి చిన్న దెబ్బ తగిలినా లోపలికి గాలి పోతుంది. "మెడ పక్కన గాజు లోపల వెండి పూత కనపడుతుంది చూడండి. గాలి పోతే అది పాల మాదిరి తెల్లబడుతుంది. తెల్లబడిందంటే ఇంక అంతే, పారేయడమే." అని చెప్పాడు.

ఆయుధ పూజ దగ్గర పడింది. ఆ ఏడు పక్కింటావిడ పుట్టింటికి పోయింది. అక్క నెమ్మదిగా నా దగ్గర ఆ మాట ఎత్తింది. "ఈ తూరి బొట్టు ఎవరి చేత పెట్టిద్దాం? ఆ చివరింటామెను పిలిచేదా?"

"నువ్వే పెట్టక్కా," అన్నాను.

ఆమె నా వైపు చూసింది.

"నీ టీవీ, నీ ఇల్లు. ఇంకొకరెందుకు?"

ఆ మాట నేను మనసారానే అన్నాను. ఇది రాస్తున్నది నన్ను నేను తిట్టుకోవడానికే కాదు కాబట్టి దీన్నీ రాస్తున్నాను. ఆ వారమంతా ఆమె నడకలో తేడా కనిపించింది. గంధపు చెక్క కొత్తది తెచ్చుకుంది. తోటలో కూడా ఎవరితోనో చెప్పిందట, ఈసారి మా ఇంట్లో నేనే పెడతానని. పండుగ మరుసటి రోజు పొద్దున రాయకోట నుంచి మా మేనమామను, అత్తను రమ్మని కబురు పంపింది. కొత్త పెట్టెలో టీవీ చూపించాలని. బొట్టు తానే పెట్టిందని వాళ్లు చూడాలని కూడా అనుకుంటాను.

పూజ ముందు రోజు సాయంత్రం నేను ట్యూబు బిగిస్తున్నాను. పెట్టె పాతది, కదిపితే ఊగేది. అందుకని వెనక వైపు అడ్డంగా ఒక చెక్క కొట్టాను, బలానికి. ముందు చెక్క ఫ్రేముకు నాలుగు మూలల బోల్టులు పెట్టాను. ట్యూబు చెవులను వాటికి తగిలించి నట్లు బిగించాలి. వెడల్పు కొలిచాను, ఎత్తు కొలిచాను, ఫ్రేము ఎక్కడా ట్యూబును తాకకుండా ఆకురాయితో సన్నగా రాకాను. లోతు కొలవలేదు. డొక్కు లోతు నా మనసులో ఉంది. ట్యూబు మెడ ఆ అడ్డచెక్క మీదుగా వెనక్కి పోతుందని, నట్లు బిగించేకొద్దీ ట్యూబు ముందుకు జరిగి మెడ చివర ఉన్న చిన్న సర్క్యూటు ముక్క ఆ చెక్కకు తగులుకుంటుందని ఆలోచించలేదు.

అక్క తొందర పెడుతోంది. "సామాన్లు ఈయప్పా, కడగల్ల. పొద్దు పోతా ఉంది."

"ఇదో, నాలుగు నట్లే."

"పొద్దున్నుంచీ నాలుగు నట్లే అంటా ఉండావు. నీ నట్లకు పిల్లలు పుట్టినాయా?"

ఫ్యాక్టరీలో మాకు నేర్పిన పద్ధతి, నాలుగు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించుకుంటూ పోవడం. అలాగే చేశాను. మూడో చుట్టులో నట్టు గట్టిగా తగిలింది. బాగా కూర్చుంది అనుకొని ఇంకొంచెం తిప్పాను. వెనక నుంచి సైకిల్ వాల్వు నొక్కినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. చాలా చిన్నది. నేను విన్నాను. విని కూడా, మొదలుపెట్టిన చుట్టు పూర్తి చేశాను. చేతికి అలవాటైన పని అది.

తర్వాత స్పానరు, స్క్రూడ్రైవర్లు అన్నీ అక్కకు ఇచ్చేశాను. ఆమె సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, దేవుని ముందు పీట మీద పరిచింది.

పొద్దున్నే వెనక తలుపు తీసి వెలుగులో చూశాను. వెండి పూత లేదు. ఆ చోట పాల తెలుపు. గుడ్డతో తుడిచాను. గాజు లోపలి తెలుపు, ఎలా పోతుంది? అడ్డచెక్కకు ఆనుకొని మెడ మొదట్లో దారం లాంటి గీత కనిపించింది.

అక్కకు చెప్పాల్సింది అప్పుడే. ఆమె తలస్నానం చేసి, గంధం గిన్నె పట్టుకొని వచ్చింది.

"లోపల కూడా పెట్టొచ్చునా? కరెంటు కొట్టదు కదా?"

"కొట్టదు. నేను దించేసినాను. ప్లగ్గు కూడా తీసినాను."

అంత మాత్రం చూసుకున్నాను. మిగతాది చెప్పలేకపోయాను. టీవీ పోయిందని చెప్తే ఆమె ముఖం ఎలా అవుతుందో చూడలేను అనుకున్నాను. పండుగ పూట ఎందుకు, మధ్యాహ్నం చెబుదాం అనుకున్నాను. మధ్యాహ్నం అయ్యాక, రేపు అనుకున్నాను. టూల్ రూమ్‌లో పని చేసేవాణ్ణి, వెంట్రుక మందం పట్టేవాణ్ణి అన్న మాట కూడా నాకు అడ్డం పడింది. ఇన్నేళ్ల తర్వాత లెక్క వేస్తే ఇదే ఎక్కువ అడ్డం పడిందేమో.

అక్క ముందు టీవీ అద్దానికి పెట్టింది. కడ్డీలకు పెట్టింది. వెనక్కి వచ్చి వంగి, ట్యూబు వీపు మీద మూడు వేళ్లతో గంధం రాసి, మధ్యలో కుంకుమ పెట్టింది. గంధం పలచగా ఉండి కిందికి జారింది. జారినదాన్ని కొంగుతో అద్దింది. వంకర కాడ గులాబీ ఒకటి పెట్టె పైన పెట్టింది. బూడిద గుమ్మడికాయ మాత్రం నా చేత కొట్టించింది. బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి వరసలోని పిల్లలకు పంచింది. ఆ రోజంతా ఆమె కూర్చోలేదు.

మరుసటి పొద్దున మామ, అత్త వచ్చారు. వరసలోని నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాకు చిన్న ఆశ ఉండింది, ఏదో ఒక బొమ్మ రాకపోతుందా అని. ఆశ అంటే అబద్ధం. నాకు తెలుసు. తెలిసే స్విచ్ వేశాను.

గేమ్ పాట మొదలైంది. గట్టిగా, బాగా వచ్చింది. అద్దం మాత్రం నల్లగా ఉంది. వెనక, మెడ దగ్గర ఊదా రంగు వెలుగు ఒక్కసారి మెరిసి పోయింది. నల్లటి అద్దం ముందు మేమందరం నిలబడి పాట విన్నాం.

"ఏమిరా, రేడియో చేసినావా?" అన్నాడు మామ.

ఎవరో నవ్వారు. మామ వెనక్కి పోయి వంగి చూశాడు. "ఏమమ్మా, లోపలంతా గంధం పూసినారే! ఎవురు పూసింది?"

"నేనే మామా," అంది అక్క.

అత్త తల తిప్పి ఆమెను చూసింది. "నువ్వా? బొట్టు నువ్వు పెట్టినావా?" ఆగి, గుమ్మంలో ఆడవాళ్ల వైపు తిరిగి అంది. "ఆ చెయ్యి పడితే ఇట్లనే."

గేమ్ పాట ఇంకా మోగుతూనే ఉంది. అక్క నన్ను చూసింది. నేను ఏదో ఒకటి చెప్తానని చూసింది. నేను ప్లగ్గు పీకాను. అప్పుడు ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో నేను అన్నాను, "గంధం తడి కదా, షార్టు అయినట్టుంది."

అత్త మాటను ఆపడానికే అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అపశకునం కాదు, షార్టు అని. ఆ తేడా అక్కకు ఎందుకు? రెండిట్లోనూ చేయి ఆమెదే.

వాళ్లందరూ పోయాక ఆమె ఒక గుడ్డ తెచ్చి, ట్యూబు మీది గంధం, కుంకుమ తుడిచింది. నేను చూస్తూ నిలబడ్డాను. తుడిచి గుడ్డను బయట పారేసింది.

"పోతే పోనీలేప్పా టీవీ. పెట్టమన్నది నువ్వే అయినా, నాకు బుద్ధి ఉండల్ల కదా," అంది.

వేరే టీవీ తెస్తానన్నాను. వద్దంది. తెచ్చాను. సీరియల్ పెట్టి కూర్చునేది కానీ ఎవరికీ సలహాలు ఇచ్చేది కాదు. మరుసటి ఏడు ఆయుధ పూజకు గంధం కూడా అరగదీయలేదు. పక్కింటావిడ వాళ్లింట్లోనే అరగదీసి తెచ్చుకుంది. వంకర కాడల గులాబీలు ఇంటికి తేవడం కూడా మానేసింది. వరసలో ఒకావిడ కూతురి సీమంతానికి పిలిస్తే పోలేదు. అంతకుముందైతే పోయి వెనక వరసలో కూర్చొని వచ్చేది. ఇంకొన్నాళ్లకు, తోట వ్యానుకు లేవలేకపోతున్నానని చెప్పి, రాయకోట పక్కన మా భాగానికి వచ్చిన పొలం కయ్య చూసుకుంటానని ఊరికి పోయింది. నేను ఉండమన్నాను. గట్టిగా అనలేదు. ఆమె ఇంట్లో ఉంటే ఆ టీవీ సంగతి నాతోనే ఉండేది. పోతే అదీ పోతుందని ఎక్కడో అనుకున్నాను.

ఆమె పోయాక ఆ పెట్టెను బాగు చేశాను. అడ్డచెక్క పీకి, లోతు కొలిచి, ఇంకో పాత టీవీ ట్యూబు బిగించాను. బొమ్మ వచ్చింది. షాపులో వచ్చినట్టే, రంగులు కాస్త కారుతున్నట్టు, మూలలు గుండ్రంగా. షిఫ్టు దిగి వచ్చి లైటు వేయకుండా దాని ముందు నిలబడి ఆడేవాణ్ణి. రెండో కడ్డీ ఊరికే ఉండేది. కొన్నిసార్లు ఎడమ చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి పట్టుకొని ఇద్దరినీ నేనే ఆడించే ప్రయత్నం చేశాను. ఒకడు ముందుకు పోతే ఇంకొకడు గోడకు కొట్టుకుంటూ ఉండిపోయేవాడు. ఇంటికి ఫ్యాక్టరీవాళ్లను పిలిచి చూపించాను. పాత టీవీ ఏమైందని వాళ్లు అడిగితే అక్క గంధం కథ చెప్పాను. బాగా నవ్వారు. అప్పటి నుంచే అది క్యాంటీన్ కథ అయింది.

చాలా ఏళ్లు చెప్పాక, ఒక రోజు ఎలక్ట్రికల్ సెక్షన్‌కు కొత్తగా వచ్చినతను భోజనం దగ్గర విని మామూలుగా అడిగాడు. "గంధం ముందు రోజు పొద్దున కదా పెట్టింది? మరుసటి రోజుకు ఎండిపోయి ఉంటుంది. ఎండిన గంధానికి షార్టు ఎట్లా అవుతుంది?" అతను నన్ను పట్టుకోవాలని అడగలేదు. పెరుగన్నం కలుపుకుంటూ అడిగాడు. "ఏమో, అయింది" అన్నాను. ఇంతకాలం ఇంతమందిలో ఒక్కరూ అడగలేదు. అక్క చేయి కాబట్టి సరిపోయింది అందరికీ.

ఆ ఆదివారం రాయకోట బస్సు ఎక్కాను.

అక్క కయ్య గట్టు మీద కూర్చొని మేకలకు ఆకు కోస్తోంది. బాగా సన్నబడింది. "ఏమప్పా, చెప్పా పెట్టకుండా వచ్చినావు? ఒళ్లు బాగుండాదా?" అంది. నేను నిలబడే చెప్పాను. అడ్డచెక్క, నట్లు, చప్పుడు, తెల్లబడిన పూత, అన్నీ. ఆమె ఆకు కోస్తూనే వింది. చివరికి కొడవలి కింద పెట్టింది.

"ముందు రోజే పోయిండెనా?"

"ముందు రోజు సాయంత్రమే."

"అయితే నేను పెట్టేటప్పుడు అది సచ్చిపోయిందా?"

"అవునక్కా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"సచ్చినదానికి బొట్టు పెట్టించినావే నా చేత," అంది. అరవలేదు. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఊరుకోమనీ అనలేదు.

తర్వాత లేచి చీర దులుపుకుంది. "నాకు చెప్తే ఏమప్పా? నాకు చెప్పి నువ్వు బస్సెక్కి పోతావు. ఆమెకు చెప్పు. నా ముందర చెప్పు. పా."

అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మామ అప్పటికి లేడు. ఇప్పుడు ఆమె నుదుట కూడా బొట్టు లేదు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆమె అర్థం కానట్టు ఇద్దరినీ చూసింది.

"యా టీవీప్పా?"

"హోసూరులో, ఆయుధ పూజప్పుడు. గంధం పెట్టిందని నువ్వు అన్నావు కదా, అక్క చెయ్యి పడి…"

"నేనా? నేను అట్లంటానా? మీ అక్కనా?" నిజంగా ఆశ్చర్యపోయింది. "ఎవురో అనుంటారు. నేనేల అంటాను?"

అక్క అప్పుడు మాట్లాడింది. "‘ఆ చెయ్యి పడితే ఇట్లనే’ అన్నావు. నీలం చీర కట్టుకోనుంటివి. తలుపు కాడ నిలబడుంటివి. అని, కాఫీ అడిగి తాగినావు."

అత్త చేతిలోని చింతపండు అలాగే ఉండిపోయింది. "అన్నానేమోమ్మా," అంది చివరికి. "అప్పుడు అట్ల అంటా ఉంటిమి."

అక్క ఇంకేమీ అడగలేదు. నాతో బస్సు దాకా కూడా రాలేదు. మేకలు ఎదురు చూస్తాయని వెనక్కి తిరిగింది.

ఆ ఏడు ఆయుధ పూజకు నేను ఇల్లంతా కడిగాను. కొత్త గంధపు చెక్క కొన్నాను. సామాన్లన్నీ పీట మీద పరిచాను. అక్కను రమ్మని ఫోన్‌లో ముందే చెప్పాను. ఆమె వస్తానని అనలేదు, రానని అనలేదు. పొద్దు ఎక్కింది. వరస ఇళ్లలో గుమ్మడికాయలు పగిలాయి. మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను.

వెనక నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. "మోటారు ఆడతా ఉంది, రొంత గట్టిగా మాట్లాడప్పా," అంది.

"వస్తావనుకున్నానక్కా."

"ఈడ పని ఉంది. మోటారుకు, స్టార్టరు డబ్బాకు నేనే పెట్టినాను ఈ పొద్దు. ఎదురింటామె కూడా పిలిచింది, వాళ్ల ట్రాక్టరుకు పెట్టమని. పోయి పెట్టొచ్చినాను."

"మంచిదక్కా."

"ఊరంతా చెప్పినాను, ఆ దినం నువ్వేం చేసినావో. కోపం చేసుకోవద్దు."

"లేదక్కా. చెప్పు."

నేను అడిగాను. "ఈడికి ఎప్పుడొస్తావు? సామాన్లన్నీ పెట్టుకోనుండాను. నువ్వు వచ్చినాకే పెట్టిద్దామని."

"నీ ఇంట్లో నేను పెట్టనప్పా," అంది. గొంతులో కోపం లేదు. "నువ్వే పెట్టుకో. ఏమీ కాదు."

ఆమె మోటారు ఆపాలని ఫోన్ పెట్టేసింది. నేను గంధం అరగదీశాను. నాకు సరిగ్గా రాలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. స్పానర్లకు, సైకిలుకు, గ్యాస్ పొయ్యికి పెట్టాను. గేమ్ పెట్టెకు పెట్టలేదు. పండుగయ్యాక దాన్ని విప్పి, ట్యూబును బస్టాండు దగ్గరి మెకానిక్‌కు ఇచ్చేశాను. ప్లైవుడ్ వాకిట్లో చాలా రోజులు ఉండి, వానకు ఉబ్బి పోయింది.